గేదెలు కాసిన చేతికి పలక

"చదువుకోకపోతే గేదెలు కాసుకుంటావురా!"

తెలుగునాట బడి గడప తొక్కిన ప్రతివాడూ ఒక్కసారైనా ఈ తిట్టు తినే ఉంటాడు. పదమూడో ఎక్కం దగ్గర నాలుక మడతపడితే గేదెలు, చూచిరాత ఎగ్గొడితే గేదెలు, వెనక బెంచీలో గుసగుసలాడితే గేదెలు. అది ఉత్త బెదిరింపేనని తిట్టే మాస్టారికీ తెలుసు, తినే కుర్రాడికీ తెలుసు. సాయంత్రం ఇంటికెళ్తే గేదెలూ ఉండవు, కాయమనేవాళ్లూ ఉండరు.

వందేళ్ల కిందట కోనసీమలో మాత్రం అది కొలువు. ఏడాదికి ఇన్ని కుంచాల ధాన్యం, పండక్కి ఒక పంచె అని మాట్లాడుకుని, ఏడెనిమిదేళ్ల పిల్లాణ్ణి కామందు ఇంట కుదిర్చేవారు. దాని పేరు పాలేరుతనం. ఆ పిల్లాడి చేతిలో ములుగర్ర తీసేసి పలక పెట్టాలన్న పంతంతో ఒక మనిషి నిండు జీవితం నడిచింది. ఆయన బళ్లో పాఠం చెప్పారు, పత్రికల్లో పనిచేశారు, నాటకాలు రాశారు, కవిత్వం రాశారు. పేరు బోయి భీమన్న. 2005 డిసెంబరు 16న, తొంభై నాలుగేళ్ల వయసులో హైదరాబాదులో కన్నుమూశారు.

సంస్మరణ సభల్లో ఆయన పేరుకు ముందు ఒక ఊరేగింపు నడుస్తుంది. మహాకవి, కళాప్రపూర్ణ, పద్మభూషణ్. అవన్నీ నిజమే. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది, 1973లో పద్మశ్రీ వచ్చింది, 1975లో సాహిత్య అకాడమీ, 2001లో పద్మభూషణ్. ఈ బాజాభజంత్రీల్లో వెనకబడిపోయేది మాత్రం పంతులూ విలేకరీ. ఆ ఇద్దరినీ ముందుకు పిలిచి కూచోబెడితేనే తక్కిన భీమన్న అర్థమవుతాడు. వాళ్లు ఏ నేల మీంచి వచ్చారో చూడాలంటే గోదావరి పాయలు దాటాలి.

మామిడికుదురు రాజోలుకూ అమలాపురానికీ మధ్య ఉన్న ఊరు. 216 నంబరు జాతీయ రహదారి ఇటుగానే పోతుంది కాబట్టి, బస్సులో కునుకు తీసేవాళ్లకి ఇది పాశర్లపూడి దాటాక వచ్చే ఇంకో కొబ్బరి ఊరు. పటం ముందేసుకుంటే అసలు సంగతి తెలుస్తుంది. ఒక పక్క వైనతేయ, ఇంకో పక్క వశిష్ఠ, దిగువన సముద్రం. ఏ దిక్కుకు పోవాలన్నా నీరే అడ్డం. గోదావరి మీద ఆనకట్ట కట్టిన నాటి ఇంజనీర్లు ఈ భూభాగాన్ని నగరం దీవి అని రాసుకున్నారు. ఆ నగరం అన్న ఊరు ఇప్పటికీ మామిడికుదురు మండలంలోనే ఉంది.

1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలవలు తవ్వినచోటల్లా నీళ్లు పారాయి గానీ ఈ దీవికి మాత్రం వైనతేయ అడ్డొచ్చింది. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ కింద పనిచేసిన హేగ్ అనే లెఫ్టినెంటు ఆ చిక్కు విప్పాడు. గన్నవరం దగ్గర నది మీదుగా కాలవనే నడిపించాడు. 49 ఖానాలు, ఒక్కో ఖానా 40 అడుగులు. కింద గోదావరి పాయ, పైన పంట కాలవ. కొత్తగా చూసేవాళ్లు ఇప్పటికీ ఒక్క క్షణం తబ్బిబ్బవుతారు, ఏది నదో ఏది కాలవో తేల్చుకోలేక. పోయిన శతాబ్దం చివర పక్కనే కొత్త అక్విడక్టు కట్టి, ఆకలన్నవాళ్లకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన ఆ ఊరి డొక్కా సీతమ్మ పేరు పెట్టుకున్నారు. పాత ఖానాలు పక్కనే నీళ్లలో కాళ్లు పెట్టుకుని నిలబడి ఉన్నాయి.

కాలవ రావడంతో దీవి రాత మారింది. వానకు ఎదురుచూసే చేలు మాగాణి అయ్యాయి. సార్వా, ఆపైన దాళ్వా, గట్ల మీద కొబ్బరి, కొబ్బరి నీడన అరటి, పోక. ఎకరం ధర ఎగబాకింది. భూమి ఉన్నవాడు కామందయ్యాడు. అంత నీటిని మడికి మళ్లించి, బోదెలు తీసి, ఊడ్చి, కోసి, నూర్చి ఇంటికి చేర్చడానికి చేతులు కావాలిగా. ఆ చేతులు ఊరికి ఎడంగా ఉన్న పేటల్లోంచి వచ్చాయి. కాటన్ దొర విగ్రహానికి ఏటా దండలు వేసే గోదావరి జిల్లాలు ఈ చేతుల లెక్క పెద్దగా రాసిపెట్టుకోలేదు. రాసినవాళ్లు కొద్దిమంది. వాళ్లలో భీమన్న ముందు వరసలో ఉంటాడు.

పాలేరు, పాలికాపు రెండూ ఒకటేనంటాయి నిఘంటువులు. పాలికాపులో 'పాలు' అంటే వాటా. పండినదాంట్లో పాలు ఉన్నవాడన్నమాట. ఆ వాటా ఏ తరంలో ఎలా కరిగిపోయిందో గానీ, మాటలో మాత్రం అది దాక్కుని ఉండిపోయింది. పాలు పోయి జీతం గింజలు మిగిలాయి.

పాలేళ్లకు సంవత్సరాది ఉగాది కాదు, తొలి ఏకాదశి. ఆషాఢంలో దుక్కులు మొదలయ్యే వేళ పాత లెక్క తేల్చుకుని కొత్త ఏడాదికి కుదురుకోవాలి. ఈ తేల్చుకోవడం దగ్గరే అసలు మెలిక. పెళ్లికని, పురుడుకని, ఇంటి మీద తాటాకు కప్పించుకోవాలని, జబ్బు చేసిందని ముందే వాడుకున్న గింజలు ఉంటాయి. లెక్క కామందు నోట్లో ఉంటుంది, పాలేరుకు వేళ్ల మీద తప్ప లెక్క రాదు. తేలకపోతే ఇంకో ఏడాది. తండ్రికి సత్తువ తగ్గితే ఆ చోట్లోకి కొడుకు. ఎవరూ సంకెళ్లు వేయలేదు, కాగితం మీద వేలిముద్ర కూడా అక్కర్లేకపోయింది. మాట చాలు.

ఇందులోనూ అంతస్తులు ఉండేవి. పెద్దపాలేరు అంటే సామాన్యుడు కాదు. ఏ చెక్కలో ఏ విత్తనం చల్లాలి, నీటి వంతు ఎప్పుడొస్తుంది, ఏ ఎద్దు ఎడమ కాడికి పనికొస్తుంది అన్నవి ఆయన చెబితేనే కామందుకు తెలిసేవి. వ్యవసాయమంతా ఆయన తలలో ఉండేది. చిన్నపాలేరు మాత్రం పిల్లాడు. పశువుల కాపరి.

వాడి రోజు కోడి కూయకముందే మొదలయ్యేది. ముందు మకాం చేరాలి. కోనసీమలో మకాం అంటే తోటలో పశువుల చావిడి, గడ్డిమేటు, పనిముట్ల కొట్టు ఉండే చోటు. పేడ ఎత్తి, కసవు ఊడ్చి, కుడితి పెట్టి, పాలు పితికేవేళకి దూడ పలుపు పట్టుకుని నిలబడాలి. దూడ వాడికన్నా బలంగా ఉంటుంది. పొద్దెక్కాక మందను కాలవ గట్టుకు తోలాలి. గేదె పక్కవాడి చేలో మూతి పెడితే దెబ్బ వీడి వీపు మీద. మధ్యాహ్నం కామందు ఇంటి పెరటి గుమ్మానికి ఇవతల అరిటాకు ముక్క పరుచుకుంటే చద్దన్నం పైనుంచి పడేది. దాహమేస్తే దోసిలి పట్టాలి, ముంత అంటకూడదు. చీకటి పడ్డాక గడ్డిమోపు దించి, దోమలకు పొగ వేసి, అక్కడే ఎండుగడ్డి మీద పడక. ఇంతలో వాడికి ఒక వినోదం ఉండేది. గేదె మీద కూచుని, గట్టు వెంట పలకలు ఊపుకుంటూ బడికి పోయే పిల్లల్ని చూడటం.

బడి అసలే లేదని కాదు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు నరసాపురం చేరుకున్నారు. వాళ్లు వేసిన గోదావరి డెల్టా మిషన్ పేటల్లోకి అక్షరం తెచ్చింది. 1920 తర్వాత మద్రాసు ప్రభుత్వపు లేబర్ శాఖ పేటల పిల్లలకు వేరేగా బళ్లు తెరిచింది. జనం వాటిని లేబర్ స్కూళ్లన్నారు. ఈలోగా 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ, 'పంచములు' అన్న పేరు తోసేసి 'ఆది ఆంధ్రులం' అని చెప్పుకుంది. కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లో పిఠాపురం రాజా కాలేజీ తలుపులు ఈ పిల్లలకూ తెరుచుకున్నాయి. తలుపులు తెరుచుకున్నాయి సరే, అక్కడిదాకా నడిచేదెవరు? పిల్లాడు బడికి పోతే ఇంటికి ఒక పొట్ట అదనం, ఒక జీతం తక్కువ. బడి ఖర్చు ఫీజులో లేదు, ఆ పోయిన గింజల్లో ఉంది.

1911 సెప్టెంబరు 19న మామిడికుదురులో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టిన భీమన్న ఆ దారిన నడిచాడు. వైనతేయ ఒక రేవు, గౌతమి ఇంకో రేవు. రెండూ దాటితే కాకినాడ. పిఠాపురం రాజా కాలేజీలో డిగ్రీ చదివి, రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణ పొందాడు. ఆత్మకథకు ఆయన పెట్టుకున్న పేరు 'పాలేరు నుంచి పద్మశ్రీ వరకు'. పద్మశ్రీ కన్నా ముందు పాలేరు అన్న మాటే రావాలనుకున్నాడు, చూడండి.

గోదావరి డెల్టాలో పంతులు పత్రికలోకి దిగడం పాత అలవాటు. కందుకూరి వీరేశలింగం అలాంటివాడే. కోనసీమకు ఎదురుగా, గౌతమి అవతలి ఒడ్డున కోరంగిలో పంతులుగా పనిచేసి ధవళేశ్వరం చేరి, 1874లో 'వివేకవర్ధని' పెట్టాడు. బళ్లో బెత్తం, పత్రికలో కలం. లంచాలు మింగే ఉద్యోగులు బెత్తం కన్నా కలానికే ఎక్కువ జడిశారు. చిలకమర్తి లక్ష్మీనరసింహమూ అంతే. రాజమండ్రిలో పాఠాలు చెబుతూ 'మనోరమ', 'దేశమాత' నడిపాడు, అంటరానివాళ్లని పక్కన పెట్టిన పిల్లల కోసం బడి తెరిచాడు.

ఈ రెండు పనులూ ఒక్కరి చేతిలోనే ఎందుకు పడ్డాయన్నది ఆశ్చర్యపడాల్సిన సంగతేం కాదు. ఊళ్లో రాయడం వచ్చినవాడు పంతులు. నెల తిరిగేసరికి కాస్తో కూస్తో జీతం ముట్టేవాడు పంతులు. పోస్టాఫీసు దారి తెలిసినవాడు పంతులు. రంగం (రంగూను) వెళ్లిన కొడుకు రాసిన ఉత్తరం చదివి పెట్టమని తల్లి వచ్చేది ఆయన దగ్గరికే. మనియార్డరు ఫారం, తాలూకా కచేరీకి అర్జీ, అమీనా వస్తే సమాధానం, అన్నీ ఆయన అరుగు మీదే. ఎవరింట్లో ఏ అప్పుందో, ఎవరి కొడుకు ఏ కామందు దగ్గర కుదిరాడో ఆయనకు తెలియకుండా జరగదు. ఇంత తెలిసినవాడు కలం పట్టుకుంటే ఇక విలేకరి కాక ఏమవుతాడు?

ఆ అలవాటు చాలాకాలం నిలిచింది. కోనసీమ ఊళ్లలో పత్రికకు వార్తలు పంపేవాడంటే బడిపంతులో, పోస్టుమాస్టరో, చిన్న కొట్టు నడిపేవాడో అయి ఉండేవాడు. సాయంత్రం బడి వదిలాక తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాలతో వార్త రాసి, కవర్లో పెట్టి, ఆఖరి బస్సు డ్రైవరు చేతికో, రేవు దాటే పడవ సరంగు చేతికో అప్పగించేవారు. అచ్చయ్యేసరికి రెండు మూడు రోజులు. పంటు ఆగిపోతే వార్త చద్దిది. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మండలానికొక విలేకరి వచ్చాడు, వార్తను సెంటీమీటర్లలో కొలిచి డబ్బు కట్టడమూ వచ్చింది. పంతులు గారి గుండ్రటి అక్షరాలు మెల్లగా తప్పుకున్నాయి.

కానీ ఈ పత్రికల్లో పేట ఎక్కడ? 1920, 30ల్లో అచ్చయిన పేజీల్లో పేట గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది పేటకు బయటివాళ్లు. జాలితో రాశారు, కోపంతో రాశారు, నిజాయితీగానూ రాశారు. లోపలినుంచి రాసినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్క. రాజమండ్రిలో ఆయుర్వేద వైద్యం చేసే కుసుమ ధర్మన్న ఆ కొద్దిమందిలో ఒకరు. గరిమెళ్ల 'మాకొద్దీ తెల్లదొరతనము' అని ఊరేగుతున్న రోజుల్లో ఆయన 'మాకొద్దీ నల్లదొరతనము' అని బదులిచ్చాడు, 'జయభేరి' పత్రిక నడిపాడు. తెల్లదొర పోతే సరే, పెరటి గుమ్మం దగ్గర దోసిలి పట్టించే దొర సంగతేమిటి అన్నది ఆయన ప్రశ్న. మామిడికుదురు కుర్రాడు ఎదుగుతున్నది ఈ గాలిలో.

భీమన్నలోని విలేకరి ఎలాంటివాడో చూడాలంటే 'జానపదుని జాబులు' తెరవాలి. చదువు ముగించి పల్లెకు చేరిన ఒక యువకుడు పట్నంలోని స్నేహితుడికి రాసే ఉత్తరాలవి. వ్యాసాలుగా రాసి ఉంటే పండితులు చదివి పక్కన పెట్టేవారు. ఉత్తరం కావడంతో దానికి వేరే నీతి ఉంది. ఉత్తరం రాసేవాడు ఉపన్యాసం ఇవ్వలేడు, స్నేహితుడు విసుక్కుంటాడు. ఆ పూట వాన పడిందో లేదో కూడా చెప్పాలి, ఇంట్లో ఏం తిన్నారో చెప్పాలి, ఆ మధ్యలోనే పండించేవాడి కడుపు ఎందుకు నిండటం లేదో చెప్పాలి. పట్నం మిత్రుడికి పల్లె అంటే పచ్చదనం. జాబు రాసేవాడికి పల్లె అంటే పని. ఆ ఇద్దరి మధ్యా ఉన్న దూరాన్ని మైళ్లలో కాక మాటల్లో కొలిచిన పుస్తకం అది. మంచి మారుమూల విలేకరి చేసేదీ అదేగా. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లపాటు పదో తరగతి తెలుగు వాచకంలో ఇందులోంచి ఒక జాబు పాఠంగా ఉండేది. కోనసీమ పేటలోంచి బయల్దేరిన ఉత్తరం అలా లక్షల మంది పిల్లల బల్లల మీదికి చేరింది, పరీక్షకు ఐదు మార్కుల ప్రశ్నగా మారే ప్రమాదంతో సహా.

జాబు చదవాలంటే చదువు రావాలి. పాలేరుకు చదువు రాదు. కాబట్టి ఆయన నాటకం రాశాడు.

'పాలేరు' నాటకం కథ ఇవాళ చెబితే మామూలుగా ఉంటుంది. వెంకన్న అనే పాలేరు కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. 1940ల్లో పెట్రోమాక్స్ దీపం కింద, కోతలయ్యాక ఆరిన చేలో తాటి పట్టెల మీద బల్లలు పరిచిన వేదిక ముందు నేల మీద కూచున్నవాళ్లకి అది మామూలు కథ కాదు. డిప్యూటీ కలెక్టరంటే ఎవరు? క్యాంపుకొస్తే కరణం, మునసబు చేతులు కట్టుకు నిలబడే మనిషి. కామందు కూడా ఆయన ముందు కుర్చీలో కూచోడు. ఆ కుర్చీలో వెంకన్న కూచోవడం జనం కళ్లారా చూశారు. వేదిక కింద కూచున్న చిన్నపాలేరుకు మర్నాడు కోడికూతకే మకాం. అయినా ఆ రాత్రి ఒక దృశ్యం వాడి కంట్లో పడింది, వాడి తల్లి కంట్లో కూడా పడింది. కొడుకుల్ని పాలేరుతనం మాన్పించి బడికి పంపిన ఇళ్ల గురించి గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. రంగస్థల చరిత్రలు రాసేవాళ్లు పద్యాలెన్ని, రాగాలేమిటి అని చూస్తారు గానీ, ఒక నాటకం ఆడిన ఊళ్లో మరుసటి తొలి ఏకాదశికి ఎంతమంది పిల్లలు కుదరలేదన్న లెక్క కూడా రాసి ఉంటే బాగుండేది.

కళగా చూస్తే 'పాలేరు'లో లోట్లు ఎత్తి చూపవచ్చు. పాత్రలు మంచివైపు కొన్ని, చెడువైపు కొన్ని నిలబడతాయి, గెలుపు కాస్త సులువుగా వస్తుంది. చదువొక్కటే అన్ని తాళాలూ తీస్తుందన్న నమ్మకం పంతులుది, నాటకకర్తది కాదు. అయితే ఆ పంతులే లేకపోతే ఆ నాటకం పుట్టేదీ కాదు. బళ్లో మాస్టారు "గేదెలు కాసుకుంటావు" అని వేసే తిట్టును తీసుకుని, గేదెలు కాసేవాడు చదువుకుంటే ఏమవుతుంది అని తిరగేసి అడిగిన నాటకం అది.

ఆ తర్వాత ఆయన హైదరాబాదు మనిషయ్యాడు. రాష్ట్ర ప్రభుత్వ అనువాద శాఖకు డైరెక్టరుగా పనిచేశాడు, 1978 నుంచి 1984 దాకా శాసనమండలిలో కూచున్నాడు. పుస్తకాలు డెబ్బై దాటాయి. 'గుడిసెలు కాలిపోతున్నాయి' కావ్యానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన 1975లోనే, అక్టోబరులో, వెట్టిచాకిరీని రద్దు చేస్తూ కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. మరుసటి ఏడు అది చట్టమైంది. మా పాలేరు వెట్టివాడు కాదు, ఏటా గింజలు కొలుస్తున్నాం కదా అన్నారు కామందులు. చట్టం మాత్రం కూలి ముట్టిందా అని కాదు, అప్పు చూపించి మనిషిని కట్టేశారా అని అడిగింది. తొలి ఏకాదశి నాటి తేలని లెక్కలన్నీ ఆ ప్రశ్న కిందికొస్తాయి.

గుడిసెలు కాలడమంటే కోనసీమకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. తాటాకు కప్పు, కొబ్బరి కమ్మల దడి, వేసవి గాలి. ఒక పొయ్యిలోంచి ఎగిరిన నిప్పురవ్వకు పేట మొత్తం బూడిద. పెంకుటిళ్ల వీధిలో అంటుకున్నది ఒక ఇంటితో ఆగుతుంది, పేటలో ఆగదు. ఏటా జరిగే ఈ ప్రమాదాన్ని తీసుకుని, అది ప్రమాదమేనా అని అడగడం దగ్గర ఆయన కవిత్వం నిలబడింది.

అందరూ ఆయనతో ఏకీభవించలేదు. 1985 జులైలో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు, రెండుచోట్లా దళితుల ఊచకోత. ఆ నెత్తురు చూసి రాయడం మొదలెట్టిన తరానికి భీమన్న సమన్వయం మింగుడుపడలేదు. ఆయన వేదాలను, పురాణాలను వదిలేయలేదు, వాటిల్లో తనవాళ్ల చోటు వెతికాడు. 'రాగవాసిష్ఠం'లో అరుంధతిని, వసిష్ఠుణ్ణి తెచ్చి కులాల మధ్య పెళ్లి గురించి మాట్లాడించాడు. ఆ వసిష్ఠుడి పేరున్న పాయే ఆయన పుట్టిన దీవి పక్కనుంచి సముద్రంలో కలుస్తుంది. కారంచేడు తర్వాత పుట్టిన దళిత మహాసభ తరం కవులకు ఈ వెతుకులాట ఎదుటివాడి గుమ్మం దగ్గర నిలబడి అడగడంలా కనిపించింది. వాళ్ల కోపంలో న్యాయముంది. భీమన్న వైపు నుంచి చెప్పాలంటే, ఆయన చివరిదాకా పంతులే. పంతులు తరగతిలో ఎవర్నీ తప్పించాలనుకోడు, కామందు కొడుకును కూడా.

పాలేరుతనాన్ని ఏది చంపింది? చట్టం, హాస్టలు, ట్రాక్టరు, గల్ఫ్. ఎవరి వాటా ఎంతో తేల్చడం కష్టం గానీ, రాజోలు, అమలాపురం వైపు పేటల్లో అడిగితే ముందుగా వినిపించేది కువైట్. 1980ల నుంచి అక్కడికి మొగాళ్లకన్నా ముందు ఆడవాళ్లు వెళ్లిన ఇళ్లు ఎన్నో. అరబ్బుల ఇళ్లలో పనిమనిషిని ఖద్దామా అంటారు. ఒకరింట పాచిపని తప్పించుకోవడానికి సముద్రం దాటి ఇంకొకరింట పాచిపని. అయితే అక్కడి దినార్లు ఇక్కడ డాబా అయ్యాయి, కొడుకు ఇంజనీరింగు ఫీజయ్యాయి. తేలని పాత లెక్కలు తేలాయి. వెంకన్నకు చదువు చెప్పించింది ఈసారి తల్లి, వీడియో కాల్లో హోంవర్కు అడుగుతూ.

కామందుల కథ కూడా అక్కడే ఆగలేదు. 2011 సార్వాకు కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టారు. గిట్టుబాటు లేదు, మురుగు దిగదు, కూలి దొరకదు అన్నారు. హేగ్ 49 ఖానాల మీద ఎక్కించిన నీరు వచ్చింది వచ్చినట్టే ఉంది, దాన్ని మడికి మళ్లించే మనిషి లేడు. ఇప్పుడు గోదావరి జిల్లాల్లో నాట్లకు పశ్చిమ బెంగాల్ నుంచి, బీహార్ నుంచి ముఠాలు దిగుతున్నాయి. రైల్లో వచ్చి, ఎకరానికి ఇంతని మాట్లాడుకుని, వరసగా ఊడ్చుకుంటూ పోతారు. చేలో వినిపించే మాట తెలుగు కాదు. వాళ్ల ఊళ్లో పిల్లలు ఏ బడికి పోతున్నారో ఇక్కడ ఎవరికీ తెలియదు.

ఈ ఏళ్లలో మామిడికుదురు మండలం చాలాసార్లు పత్రికల మొదటి పేజీకెక్కింది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి ఎగదన్ని అంటుకుంది. 65 రోజులు మండి మార్చి 15న ఆరింది. అన్నాళ్లూ ఆ చుట్టుపక్కల రాత్రి లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాస్ పైపులైను పేలి, నిద్రలో ఉన్న ఇళ్లు, కొబ్బరి చెట్లు ఒక్కసారిగా అంటుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. 2022లో కోనసీమ వేరే జిల్లా అయింది, దానికి అంబేడ్కర్ పేరు పెట్టే ప్రతిపాదన మీద మే 24న అమలాపురం భగ్గుమంది. ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుడి ఇల్లు కాలిపోయాయి. ఆ సాయంత్రం టీవీల ముందు కూచున్నవాళ్లలో ఎంతమందికి 'గుడిసెలు కాలిపోతున్నాయి' అన్న ఆ పాత కావ్యం పేరు గుర్తొచ్చిందో. జిల్లాకు అంబేడ్కర్ పేరు మాత్రం నిలిచింది. మామిడికుదురు ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో ఉంది.

ఈ పెద్ద వార్తల మధ్య గేదెలు కాసే పిల్లాడు ఎప్పుడు మాయమయ్యాడో ఏ పత్రికా వేయలేదు. ఏడాదికి ఒకడు తగ్గుతూ, ఒక మకాం మూతపడుతూ జరిగిన పని అది. దానికి తేదీ లేదు. మకాముల్లో కొన్ని రొయ్యల చెరువుల పక్క మోటారు షెడ్లయ్యాయి, కొన్ని రిసార్టులయ్యాయి. అక్కడ పట్నం నుంచి వచ్చినవాళ్లు గడ్డిమేటు ముందు ఫొటోలు దిగుతారు.

తిట్టు మాత్రం చావలేదు. కోనసీమ బళ్లలో లెక్క తప్పు చేసినవాణ్ణి నిలబెట్టి మాస్టార్లు ఇప్పటికీ అంటూనే ఉన్నారు, చదువుకోకపోతే గేదెలు కాసుకుంటావని. వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు లేస్తాడు.

"గేదె లక్ష రూపాయలండి మాస్టారూ. ఎవరు కొనిపెడతారండి?"